పెరటి కొలనులో పాము, కొంగ, కప్పలు: పూడ్చేయాలా, వల వేయాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. విశాఖ మధురవాడలో ఇల్లు, పెరట్లో పది బై ఆరు అడుగుల సిమెంటు పాండ్, లోతు రెండడుగులు, కట్టి ఎనిమిది నెలలు. ఇరవై కోయి చేపలు (అందానికి పెంచే రంగు చేపలు) వేస్తే ఏడు మిగిలాయి, తెల్లారేసరికి కొంగ వచ్చి గట్టు మీద నిలబడుతోంది, పోయిన వారం గళ్ళ గళ్ళ పాము ఒకటి నీళ్ళల్లోంచి తల పైకెత్తి చూసింది, వానలు పడ్డ దగ్గర్నుంచి రాత్రంతా కప్పల గోల. మీ అత్తగారు పూడ్చేయమంటున్నారు, మీరేమో వల కప్పేద్దామా, ఏదైనా మందు చల్లుదామా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్పేస్తాను. పూడ్చొద్దు, మందు చల్లొద్దు, నైలాన్ వల అసలే వద్దు. మీరు చెప్పిన పోలికని బట్టి అది నీరుకట్టు పాము అయ్యుండాలి, దానికి విషం లేదు. కొంగని ఆపడం ఒక ఆదివారం పని. కప్పల గోల వానలతో పాటే తగ్గుతుంది. మీరు మార్చాల్సినవి నాలుగే, పాండ్ అంచు, దాని చుట్టూ ఉన్న నేల, చేపల సంఖ్య, రాత్రి వెలిగే లైటు. ఎందుకో ఒక్కొక్కటే చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు అడవివరం దగ్గర చిన్న నర్సరీ ఉంది. 2003లో మా పెరట్లో మొదటి కొలను తవ్వుకున్నాను, తర్వాత తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో చాలా కట్టించాను, ఇప్పటికీ కొన్నిటి బాగోగులు నేనే చూస్తాను. మా వెనక సింహాచలం కొండ, మీ పక్కన కంబాలకొండ అడవి. ఒకప్పుడు ఈ కొండల మీంచి దిగిన వాన నీళ్ళు గెడ్డల్లో (చిన్న వాగుల్లో), గుంటల్లో నిలిచేవి, వాటిలో సగం ఇప్పుడు లేఔట్ల కింద ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ జీవాలకి మీ వీధిలో దొరికే నీళ్ళు మీ పాండ్‌లోవే. అవి మీ ఇంటి మీదకి రావట్లేదు, నీళ్ళ దగ్గరకి వస్తున్నాయి. ఈ ఒక్క విషయం మీ అత్తగారికి చెప్తే సగం భయం పోతుంది.

పాము సంగతి. నీరుకట్టుని దూరం నుంచి ఇలా గుర్తుపట్టొచ్చు. ఒళ్ళంతా చదరంగం పలకలాగా నల్ల గళ్ళు, వాటి కింద పసుపూ బూడిదాకుపచ్చా కలిసిన రంగు. అన్నిటికంటే గట్టి గుర్తు కంటి దగ్గర ఉంటుంది, కంటి కింద నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి నల్ల గీతలు ఏటవాలుగా దిగుతాయి, ఏడ్చిన పిల్లకి కాటుక కారినట్టు. పగలు కూడా తిరుగుతుంది, చేపలూ కప్పలూ తింటుంది. చిక్కేంటంటే బెదిరితే మెడ వెడల్పు చేసి లేస్తుంది, అది చూసి చాలామంది నాగుపాము అనుకుని కర్ర తీసుకుంటారు. మా చుట్టుపక్కల చచ్చిన "నాగుపాములు" నేను చూసినవాటిలో చాలామటుకు నీరుకట్టులే. పైగా నీరుకట్టుని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఊరు మనది, పెరట్లోకి వచ్చిన నీళ్ళపామునీ బతకనిద్దాం.

విషం లేదన్నాను కదా అని పట్టుకోవద్దు. అది కరుస్తుంది, రక్తం కూడా బాగా వస్తుంది, సబ్బుతో కడుక్కుని టీటీ ఇంజక్షన్ చేయించుకోవాలి. ఇంకో మాట, నేను మీ పాముని చూడలేదు. కప్పలూ ఎలకలూ ఉన్నచోటికి నిజం నాగుపాము కూడా రావచ్చు, రాత్రిపూట కట్లపాము రావచ్చు. గొలుసు గొలుసుగా గుండ్రటి మచ్చలుండి, కుక్కర్ ఆవిరిలాగా బుసకొడితే అది రక్తపింజర, ఆ పక్కకే వెళ్ళకండి, అటవీ శాఖకి ఫోన్ చేయండి. ఏ పాము కరిచిందో ఖచ్చితంగా తెలియకపోతే విషప్పాము అనే అనుకుని 108కి ఫోన్ చేసి నేరుగా కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి, తాడు కట్టడం, కొయ్యడం, నాటు మందు, ఏదీ వద్దు, ఆ కాలో చెయ్యో కదపకుండా ఉంచాలి.

మరి పాము రాకుండా ఏం చేయాలి అంటే, పాము దాక్కునే చోటు తీసేయాలి. పాండ్ పక్కన మిగిలిపోయిన ఇటుకలు, టైల్సు, కొబ్బరి మట్టలు, విరిగిన కుండీలు ఇవన్నీ ఉంటాయి, దాదాపు ప్రతి ఇంట్లో చూస్తాను. అవన్నీ ఎత్తించేసి చుట్టూ నాలుగడుగుల నేల శుభ్రంగా, గడ్డి పొట్టిగా ఉంచండి. చేపల మేత డబ్బా మూత గట్టిగా ఉండాలి, మేత రాలితే ఎలకలు వస్తాయి, ఎలకల వెనక పాము వస్తుంది. ఫినాయిల్, వెల్లుల్లి, ఉప్పు చల్లితే పాము రాదని ఎవరెవరో చెప్తారు, పాములు వీటిని లెక్కచేయవు, మొదటి వానకి అదంతా పాండ్‌లోకి దిగి మీ చేపలే చస్తాయి. పొలంలో వాడే గుళికల మందైతే ఇంకా ఘోరం, చేప, కప్ప, దాన్ని తిన్న కొంగ, పక్కింటి పిల్లి అన్నీ పోతాయి.

వల ఎందుకు వద్దంటున్నానో నా తప్పు చెప్పి వివరిస్తాను. 2009లో అనుకుంటా, కొంగ బెడద తట్టుకోలేక నేనే సన్న నైలాన్ వల కొని కొలను మీద పరిచాను, అంచులు ఇటుకలతో నొక్కాను. రెండ్రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి ఒక నీరుకట్టు అందులో ఇరుక్కుని ఉంది. పాముకి వెనక్కి జరగడం కుదరదు, పొలుసులు వెనక్కి వాలి ఉంటాయి కదా, ముందుకు తోసుకునే కొద్దీ దారం ఒంట్లోకి దిగిపోతుంది. మూడు చోట్ల దారం మాంసంలోకి కోసుకుపోయింది, ఎండకి ఒళ్ళు ఎండిపోయి నోరు తెరుచుకుని ఉంది. నేనూ మా తమ్ముడూ తల మీద తడిగుడ్డ వేసి, గోళ్ళు కత్తిరించుకునే చిన్న కత్తెరతో ఒక్కో పోగూ తెంపాం, గంట పైనే పట్టింది. వదిలాక రెండు మూరలు పాకి తుంగ మొదట్లో ఆగిపోయింది, సాయంత్రానికి చచ్చిపోయింది. మళ్ళీ ఈ రోజు వరకు నేను నైలాన్ వల వాడలేదు, నన్ను అడిగినవాళ్ళకి వేయనివ్వలేదు. జెర్రిపోతులు, తొండలు, ఒకసారి లకుముకి పిట్ట కూడా ఇలాగే ఇరుక్కోవడం వేరేవాళ్ళ ఇళ్ళల్లో చూశాను. పసిపిల్లలు ఉన్న ఇల్లైతే అది వేరే లెక్క, అప్పుడు గట్టి ఇనుప మెష్ ఫ్రేము చేయించి పాండ్ మీద బిగించాలి, బిర్రుగా ఉన్న ఇనుప మెష్‌లో ఏదీ చుట్టుకోదు, పిల్లవాడు అడుగు వేసినా కుంగదు. రెండడుగుల నీళ్ళు ఏడాది పిల్లకి చాలా ఎక్కువ, ఇందులో మొహమాటం పడకండి.

కొంగ. మీ ఇంటికి వచ్చేది బహుశా గుడ్డి కొంగ, కూర్చుంటే మట్టి రంగులో గట్టులో కలిసిపోతుంది, ఎగిరితే ఒక్కసారిగా తెల్లటి రెక్కలు కనిపిస్తాయి. అది లోతు నీళ్ళల్లో దిగదు. గట్టు మీదో, జానెడు నీళ్ళల్లోనో నిలబడి మెడ చాచి అందినది పొడుస్తుంది. కాబట్టి దానికి నిలబడే చోటు లేకుండా చేస్తే చాలు. గట్టు చుట్టూ మూడు నాలుగడుగులకి ఒక మేకు పాతి, గాలం వేసే మందపాటి దారం రెండు వరసలు కట్టండి, నేల నుంచి ఒకటి జానెడు ఎత్తులో, ఇంకోటి మూరెడు ఎత్తులో. బిర్రుగా లాగి కట్టాలి, వదులుగా ఉంటే అదీ వల లాంటిదే. కొంగ నడిచి వచ్చేటప్పుడు కాలికి తగిలి ఇబ్బంది పడి మానేస్తుంది. ప్లాస్టిక్ కొంగ బొమ్మ, మెరిసే రిబ్బన్లు నాలుగు రోజులు పనిచేస్తాయి, తర్వాత కొంగలు వాటికి అలవాటు పడిపోతాయి.

దారంతో పాటు చేపకి దాక్కునే చోటు ఇవ్వండి. నాలుగంగుళాల పీవీసీ పైపు రెండడుగుల ముక్కలు ఒక నాలుగు అడుగున పడేయండి, అంచులు గీకి నున్నగా చేయండి. పాత కడప రాయి ముక్క ఇటుకల మీద పెడితే అదొక గుహ. పైన కలువ ఆకులు సగానికి పైగా పరుచుకుంటే పై నుంచి చేప కనపడదు. కోయి చేపలకి ఆ ఎరుపే శాపం, నీళ్ళ మీద దీపం పెట్టినట్టు కనపడుతుంది ఏ పక్షికైనా.

ఇక్కడ ఒక మాట అనాలి, నొచ్చుకోకండి. పోయిన పదమూడు చేపల్నీ కొంగా పామే తిన్నాయని నేను అనుకోవట్లేదు. మీ పాండ్‌లో పట్టేది సుమారు 3400 లీటర్లు. కోయి బాగా పెరిగితే అడుగున్నర, రెండడుగులు అవుతుంది. మీ నీళ్ళకి మూడు నాలుగు చాలు, ఇరవై అంటే చాలా ఎక్కువ. రాత్రిపూట నాచు, మొక్కలు, చేపలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి ఆక్సిజన్ లాగేస్తాయి, తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువ ఉంటుంది. ఒకరోజు ఐదింటికి లేచి చూడండి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తుంటే దొంగ అదే. అలా చచ్చి తేలినదాన్ని కాకో పిల్లో ఎత్తుకుపోతుంది, మీరు లేచేసరికి చేప ఉండదు, కొంగ మాత్రం గట్టు మీద కనపడుతుంది. మిగిలిన ఏడూ ఉంచుకోండి గానీ కొత్తవి కొనకండి, మేత రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో అవి తినేసేంత మాత్రమే. ఎయిర్ పంపు ఉంటే పగలు ఆపినా రాత్రి ఆపొద్దు.

కప్పలు. ఇది నాకు ఇష్టమైన విషయం, కొంచెం ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి. గోల చేసేవి మగవి, ఆడవాటిని పిలవడానికి. మొదటి పెద్ద వానలకి నాలుగైదు రాత్రులు చెవులు హోరెత్తిపోతాయి, తర్వాత ప్రతి గట్టి వానకి ఒకటి రెండు రాత్రులు, దసరా దాటేసరికి చాలావరకు సద్దుమణుగుతుంది. పట్టి సంచిలో వేసి దూరంగా వదిలినా లాభం లేదు, వేరేవి వస్తాయి, పైగా ఒకచోటి రోగాలు ఇంకోచోటికి మోసినట్టు అవుతుంది. నిజంగా గోల తగ్గాలంటే పాండ్ పక్కన లైటు ఆర్పేయండి. లైటుకి పురుగులు, పురుగులకి కప్పలు, కప్పలకి పాము, ఈ వరస మొత్తం ఆ స్విచ్ దగ్గరే మొదలవుతుంది. మీకు నడవడానికి లైటు కావాలంటే పాండ్‌కి దూరంగా, కిందకి వెలుగు పడేలా పసుపు బల్బు పెట్టండి.

వానాకాలంలో ఏదో ఒకరోజు పొద్దున్న పాండ్ మీదకి వాలిన కొమ్మకో, గోడకో సబ్బు నురగ లాంటి ముద్ద అంటుకుని కనపడొచ్చు, తెల్లగా, పిడికిలంత. చాలామంది ఎవరో డిటర్జెంట్ పోశారనుకుని పైపు పెట్టి కడిగేస్తారు. అది చెట్టుకప్ప గూడు. ఆడకప్ప వెనక కాళ్ళతో గిలక్కొట్టి ఆ నురగ చేసి అందులో గుడ్లు పెడుతుంది, పైన ఎండి పెచ్చు కడుతుంది, లోపల తడి ఉంటుంది. మా పెరట్లో బాత్రూమ్ గోడ మీద ఒకటి పెడితే కింద నీళ్ళు లేవు, ఒక బేసిన్ పెట్టాను. కొన్ని రోజులకి నురగ కరిగి, వడ్ల గింజ కంటే చిన్న తోకకప్పలు ఒక్కొక్కటే టప్ టప్ మని నీళ్ళల్లోకి జారాయి, మా పాప స్కూలు మానేసి కూర్చుంది చూడ్డానికి. మీకు కనపడితే ముట్టుకోకండి, కింద నీళ్ళు ఉండేలా చూస్తే చాలు.

కోయి చేపలు ఈ తోకకప్పల్ని మింగేస్తాయి. నల్లగా గుంపులుగా తిరిగేవి గరుకు చర్మం కప్పవి, వాటికి చేదు ఉంటుంది కాబట్టి చేపలు ఊసేస్తాయి, మిగతావి బతకవు. అందుకని పాండ్‌కి కాస్త దూరంగా ఒక పాత కుడితి గోలెం పెట్టి, చేపలు లేకుండా, నాలుగు హైడ్రిల్లా అనే నీటిమొక్క పోచలు వేసి వదిలేయండి. కప్పలు అక్కడ గుడ్లు పెడతాయి, గోల కూడా అటు జరుగుతుంది. పెంపుడు కుక్క ఉంటే ఒక జాగ్రత్త, ఆ గరుకు కప్పని నోట పట్టుకుంటే నురగ కక్కుతుంది, వెంటనే నోరు నీళ్ళతో కడిగి డాక్టరుకి చూపించాలి.

గోలెంలో దోమలు పెరగవా అంటారు. తోకకప్పలు కొంత వరకే, అసలు పని చేసేది తూనీగ పిల్ల. తూనీగ గుడ్లు నీళ్ళల్లో పెడుతుంది, దాని పిల్ల అడుగున నక్కి దోమ పురుగుల్ని పట్టి తింటుంది, నెలల తరబడి. వానల తర్వాత మన ఆకాశంలో గుంపులుగా ఎగిరే పసుపు తూనీగలు ఉన్నాయి చూడండి, అవి ఇక్కడి నుంచి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వైపు వెళ్ళేవే. అయినా గుడ్డిగా నమ్మక్కర్లేదు, వారానికోసారి తెల్ల గిన్నెతో పది చోట్ల నీళ్ళు ముంచి వెలుతురులో చూడండి, మెలికలు తిరిగే పురుగులు కనపడితే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వేయండి, అది దోమ పురుగుల్నే చంపుతుంది, చేపకీ కప్పకీ ఏమీ కాదు. కిరోసిన్, కాలిన ఇంజను ఆయిల్ ఎవరు పోయమన్నా పోయకండి. డెంగ్యూ దోమ మీ పాండ్ కంటే కుండీ కింద ప్లేటులో, కూలర్‌లో, డాబా మీద మూత లేని డ్రమ్ములో ఎక్కువ పెరుగుతుంది, ఫ్రైడే డ్రైడే అని చెప్పేది వాటి గురించే. గంబూసియా చేపలు వేయమని కూడా చెప్తారు. మురుగు గుంటకి సరే, మీ పాండ్‌లో వద్దు, అది కప్ప గుడ్లనీ తూనీగ పిల్లల్నీ కూడా వదలదు, వానకి పొంగి గెడ్డలోకి పోతే అక్కడి పరిగె చేపలకీ చేటు. అదే కారణంగా ఎవరైనా ఎర్ర చెవుల విదేశీ తాబేలు పిల్ల ఇస్తే తీసుకోకండి, మన ఊరి తాబేళ్ళని ఇంట్లో పెంచడమైతే చట్టరీత్యా కుదరదు. గుర్రపు డెక్క పువ్వు బాగుందని ఒక్క మొక్క కూడా తేవద్దు.

అంచు గురించి చివర్లో చెప్తున్నా గానీ ఇదే అన్నిటికంటే ముఖ్యమైన పని. మీది నిలువు సిమెంటు గోడ అంటున్నారు. అలాంటి పాండ్‌లో పడినది ఏదీ పైకి రాలేదు, ఉడత, తొండ, కప్ప పిల్లలు ఈది ఈది అలిసి మునిగిపోతాయి. ఒక ఇంట్లో వారంలో మూడు ఉడతలు తేలాయి, నీళ్ళు కంపు కొట్టాకే తెలిసింది. ఒక మూలలో గరుకు ఇటుకలతో జానెడు వెడల్పు మెట్ల లాగా నీళ్ళ అడుగు నుంచి గట్టు దాకా కట్టించండి, రెండు వైపులా కుండీల్లో వస, తుంగ ఒత్తుగా పెట్టండి. ఉడత ఎక్కగలదు, కొంగ నిలబడలేదు. మిగతా మూడు మూలలూ నిలువుగానే ఉండనివ్వండి.

నీళ్ళు మార్చేటప్పుడు మొత్తం తోడి కడగొద్దు. పది పదిహేను రోజులకి ఐదో వంతు మార్చితే చాలు. కుళాయి నీళ్ళు నేరుగా వదలకండి, క్లోరిన్ ఉంటుంది, డ్రమ్ములో ఒకటి రెండు రోజులు మూత లేకుండా నిలవుంచి (దోమ వాలకుండా గుడ్డ కట్టి) పోయండి.

మీకు నమ్మకం కలగడానికి ఒకటి చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కొలను మీద వేపచెట్టు పడింది. ఆకులతో నీళ్ళు రెండ్రోజుల్లో డికాక్షన్ రంగుకి తిరిగాయి, కరెంటు లేదు, పంపు లేదు, పెద్ద చేపలన్నీ పోయాయి. ఆకులు చేత్తో తోడాను, అంతే, ఇంకేం చేయలేదు, చేసే ఓపిక కూడా లేదు అప్పుడు. సంక్రాంతికి కలువ కొత్త ఆకు వేసింది, ఎండలకి తూనీగలు వచ్చాయి, తర్వాతి వానకి కప్పలు వాటంతటవే తిరిగొచ్చాయి, వాటి వెనకే ఒక చిన్న నీరుకట్టు. ఆ పాముని చూసి మా అమ్మ "హమ్మయ్య, నీళ్ళు బాగుపడ్డాయి" అంది. మీ అత్తగారికి ఈ మాట చెప్పండి, పెద్దవాళ్ళకి పెద్దవాళ్ళ మాట ఎక్కుతుంది.

ఈ ఆదివారం చెత్త ఎత్తించడం, దారం కట్టడం, పైపు ముక్కలు వేయడం, లైటు మార్చడం చేసేయండి, మెట్ల పని మేస్త్రీ దొరికినప్పుడు. పాము మళ్ళీ కనపడితే పది అడుగుల దూరం నుంచి, ఫోన్ జూమ్ చేసి, కంటి దగ్గర గీతలు తెలిసేలా ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను. దగ్గరకి మాత్రం వెళ్ళకండి.